విజయవాడ నుంచి తిరుమలకు ఇద్దరం కాలినడకన: అందరూ అడిగే ప్రశ్నలు

మేం కొండకు నడిచి వెళ్ళొచ్చామని తెలిసినప్పటి నుంచి ఇంటికి వచ్చినవాళ్ళు, ఫోన్ చేసినవాళ్ళు, మా షాపులో జిరాక్స్ కోసం నిలబడ్డవాళ్ళు అడిగేవి ఇంచుమించు ఇవే. మా ఆయన ఒక్కొక్కరికి ఒక్కోలా చెబుతున్నారు. ఆయన నోట కిలోమీటర్లు రోజురోజుకీ పెరుగుతున్నాయి. అందుకని నేనే కూర్చుని రాశాను.

ఏ దారిన వెళ్ళారు? ఎన్ని రోజులు పట్టింది?

ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, కనకదుర్గ వారధి దాటి, 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకున్నాం. మంగళగిరి, గుంటూరు, చిలకలూరిపేట, మార్టూరు, ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు, గూడూరు మీదుగా నాయుడుపేట దాకా అదే రోడ్డు. అక్కడ కుడిచేతి వైపు తిరిగితే శ్రీకాళహస్తి, రేణిగుంట, తిరుపతి. మొత్తం సుమారు 410 కిలోమీటర్లు. (మా ఆయన 500 అని చెప్పి ఉంటే నమ్మకండి.)

21 రోజులు పట్టింది. రోడ్డు మీద 18 రోజులు, నెల్లూరులో కావాలని ఆగింది ఒక రోజు, కావలిలో ఒంట్లో బాగోక ఆగిపోయింది ఒక రోజు, చివరి రోజు కొండ.

మొక్కా?

మొక్కేమీ లేదు. మొక్కు లేకుండా అంత దూరం ఎవరు నడుస్తారమ్మా అని దారిలో పాతికమందైనా అడిగి ఉంటారు. చెప్పి చెప్పి విసుగొచ్చి చివర్లో మా ఆయన “అమ్మాయి ఉద్యోగం కోసం” అనేవారు. మా అమ్మాయి ఆరేళ్ళ నుంచి ఉద్యోగం చేస్తోంది.

ఏ నెల మంచిది?

సంక్రాంతి వెళ్ళిన తర్వాత. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి కనుమ, ముక్కనుమ ఇంట్లోనే ఉండి మర్నాడు బయల్దేరాం. కార్తీకంలో వెళ్దామని మొదట అనుకున్నాం. కానీ నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు నెల్లూరు వైపు గట్టిగా పడతాయి. తడిసిన మేజోళ్ళతో రెండు రోజులు నడిస్తే మూడో రోజు నడవడానికి కాళ్ళుండవు. ఫిబ్రవరి సగం దాటితే ఎండ మొదలవుతుంది. రథసప్తమి ఎప్పుడొచ్చిందో పంచాంగంలో చూసుకుని, ఆ రద్దీలో కొండ మీద పడకుండా లెక్క వేసుకోండి.

ఇన్ని రోజులు ఇల్లు, షాపు ఎవరు చూసుకున్నారు?

ఇది అడిగేది ఆడవాళ్ళే, అసలు ప్రశ్న కూడా ఇదే. నడవడానికి మూడు నెలలు తయారయ్యాం, ఇంట్లోంచి బయటపడటానికి ఏడాది పట్టింది. మా అత్తగారికి 78 ఏళ్ళు. ఆవిడను ఎక్కడికో పంపకుండా మా ఆడపడుచే తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. షాపు మా తమ్ముడు పొద్దున పూట మాత్రం తెరిచాడు. బయల్దేరేటప్పుడు అత్తగారు బొట్టు పెట్టి, “రైళ్ళన్నీ నడుస్తూనే ఉన్నాయి కదే?” అని ఒక్క మాట అన్నారు.

ముందు ఎంత ప్రాక్టీసు చేశారు?

ప్రకాశం బ్యారేజీ ఈ చివర నుంచి సీతానగరం వైపు వెళ్ళి రావడంతో మొదలుపెట్టాం. ఒకవైపు కిలోమీటరుంపావు ఉంటుంది. మొదటి నెల అంతే. రెండో నెల ఆదివారాలు ఇంటి నుంచి మంగళగిరి నడిచి, కొండమెట్లెక్కి, పానకాలస్వామి దగ్గర పానకం తాగి, బస్సులో వెనక్కి. మూడో నెల అదే దూరం వీపు మీద బరువుతో, వరసగా రెండు రోజులు. ఈ వరసగా నడవడమే ముఖ్యం. ఒక్క రోజు పాతిక కిలోమీటర్లు ఎవరైనా నడుస్తారు. మర్నాడు మంచం దిగి మళ్ళీ అదే షూస్‌లో కాళ్ళు పెట్టగలమా అన్నదే చూసుకోవాలి. మా ఆయనకు బీపీ ఉంది కనుక బయల్దేరే ముందు డాక్టరుకు చూపించుకుని, నెలకు సరిపడా మాత్రలు రెండు బ్యాగుల్లో సగం సగం పెట్టుకున్నాం. ఒక బ్యాగు పోయినా మాత్రలు పోకూడదని.

రోజు ఎలా గడిచేది?

నాలుగున్నరకు లేచేవాళ్ళం. వేడినీళ్ళు దొరికితే సరే, లేకపోతే చన్నీళ్ళే. ఐదున్నరకు రోడ్డెక్కాలి. కానీ జనవరిలో మంచు బాగా పడుతుంది. పొగమంచులో లారీవాడికి మనం కనపడం, వాడు మనకు కనపడడు. అలాంటి రోజు టీ కొట్టు దగ్గరే కూర్చుని మంచు విడిచాక కదిలేవాళ్ళం. ఏడున్నరకు టిఫిను. మళ్ళీ పదిన్నర దాకా నడక. అప్పటికి పదహారు కిలోమీటర్లు అయ్యేవి. మధ్యాహ్నమంతా ఏ గుడి మండపంలోనో చెట్టు కిందో షూస్ విప్పేసి, కాళ్ళు బ్యాగు మీద పెట్టి పడుకోవడమే. మూడున్నరకు లేచి చీకటి పడకముందే ఇంకో ఆరేడు కిలోమీటర్లు.

దక్షిణంగా వెళ్తున్నాం కనుక పొద్దున ఎండ ఎడమ చెంపకు, సాయంత్రం ఎండ కుడి చెంపకు. నాయుడుపేట దాకా అంతే. తిరిగొచ్చాక అద్దంలో చూసుకుంటే రెండు వైపులా సమానంగా నల్లబడ్డాం.

చూడటానికి ఏముంటుందీ, హైవేనే కదా అంటారు. గుంటూరు దాటాక కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. దూరం నుంచి ఎర్ర దుప్పటి పరిచినట్టు, దగ్గరికెళ్తే తుమ్ములే తుమ్ములు. టంగుటూరు వైపు పొగాకు బ్యారన్లు, అంటే ఆకును వేడి పెట్టి ఆరబెట్టే కొట్లు. ఆడవాళ్ళు నీడన కూర్చుని పచ్చాకు కర్రలకు అల్లుతుంటారు. ఒక పెద్దావిడ చేతులు చూపించింది. పొగాకు జిగురుతో నల్లగా, బంకగా ఉన్నాయి. “చేత్తో ఇవ్వకూడదమ్మా, చెంబు నువ్వే తీసుకో” అని మజ్జిగ చూపించింది. కారులో ఈ రోడ్డున కనీసం ముప్ఫైసార్లు పోయి ఉంటాం. ఒక్క బ్యారన్ గుర్తు లేదు.

ఇద్దరి నడకా ఒకలా ఉండదు కదా, ఎలా?

ఉండదు. మా పెళ్ళయి 26 ఏళ్ళు. గుడికెళ్ళినా బజారుకెళ్ళినా పెళ్ళికెళ్ళినా ఆయన ముందు, నేను పదడుగుల వెనక. ఎప్పుడూ ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు. రోజంతా నడిచేసరికి ఆ పదడుగులు కాస్తా అరకిలోమీటరు అయింది.

గుంటూరు దాటిన మర్నాడు ఒక ఫ్లైఓవర్ దగ్గర జరిగింది ఇది. ఆయన సర్వీసు రోడ్డులోకి దిగి, కింద టీ కొట్టులో కూర్చుని నా కోసం చూస్తున్నారు. నేను వెనకాల వచ్చి, ఆయన పైనుంచే వెళ్ళి ఉంటారనుకుని ఫ్లైఓవరెక్కేశాను. అంటే ఆయన తల మీదుగా దాటిపోయాను. పవర్ బ్యాంకు ఆయన దగ్గర ఉందని నా ఫోను కూడా ఆయన బ్యాగులోనే ఛార్జింగులో పెట్టాను. ఆయన అక్కడ గంట కూర్చున్నారు. నేను రెండు కిలోమీటర్లు పోయి, ముందు మనిషి జాడ లేక, ఒక పెట్రోలు బంకులో ఆగాను. అక్కడి కుర్రాడి ఫోను అడిగి, నాకు కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరుకు చేశాను. అది మా షాపు ల్యాండ్‌లైన్. మా తమ్ముడు ఎత్తాడు. “అక్కా, బావ ఇప్పుడే ఫోన్ చేసి నువ్వు షాపుకొచ్చావా అని అడిగాడు” అన్నాడు.

ఆయన వచ్చి కలిశాక ఒకరినొకరం బాగా కడిగేసుకున్నాం. బంకులో ఉన్నవాళ్ళంతా పెట్రోలు కొట్టడం ఆపి విన్నారు. ఆ సాయంత్రం మూడు పద్ధతులు పెట్టుకున్నాం: ఎవరి ఫోను వాళ్ళ దగ్గరే, రోడ్డు రెండుగా చీలిన చోటల్లా రెండోవాళ్ళు వచ్చేదాకా కదలకూడదు, నెమ్మదిగా నడిచే మనిషే ముందుండాలి.

మూడోది మా ఆయనకు చాలా కష్టమైంది. మొదటి రెండు రోజులు నా మడమలు తొక్కుతూనే ఉన్నారు. తర్వాత ఆయనే కనిపెట్టారు, నేను ఎడమ కాలు కాస్త ఈడుస్తానని. “ఎప్పటినుంచి?” అని అడిగారు. రెండో కాన్పు నుంచి. వెనక నడిస్తేనే కదా తెలిసేది.

ఇంకా దేనికి పోట్లాడుకున్నారు?

గొడుక్కి. బరువు తగ్గించాలని ఒకటే తెచ్చాం, అది బుద్ధి తక్కువ పని. కొరిశపాడు దగ్గర హైవేనే విమానాలు దిగేలా రన్‌వేగా కట్టారు. 2022లో, 2024లో వాయుసేన విమానాలతో అక్కడ ట్రయల్స్ కూడా చేశారు. దాదాపు 4 కిలోమీటర్లు చెట్టన్నది లేకుండా కాంక్రీటు. ఆ నాలుగు కిలోమీటర్లూ గొడుగు ఎవరి వైపు వంగిందన్న దాని మీదే మాట్లాడుకున్నాం. ఒంగోలులో రెండోది కొన్నాం.

అలసిపోయి, ఆకలేసినప్పుడు అన్న మాటలకు విలువ ఇవ్వకండి. మేం పొద్దున పదకొండు గంటల తర్వాత ఏ నిర్ణయమూ తీసుకోకూడదని అనుకున్నాం. ఎక్కడ ఆగాలి, ఎంత దూరం పోవాలి అన్నీ పొద్దున టిఫిను దగ్గరే. పొద్దున ఒక గంట మాత్రం మాటల్లేకుండా నడిచేవాళ్ళం. ఆయన విష్ణుసహస్రనామం, నేను నా ఆలోచనలు.

బ్యాగుల్లో ఏం పెట్టుకున్నారు?

ఆయనది 7 కిలోలు, నాది 5. ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని లెక్క. రెండేసి జతల బట్టలు, పలచని తువ్వాళ్ళు, దర్శనానికి ఒక పంచె, ఒక నూలు చీర, టార్చి, మెరిసే పట్టీలున్న జాకెట్లు, మందులు, సూదీ దారం, బట్టలారేయడానికి నైలాన్ తాడు. తడి బట్టలు పిన్నీసులతో బ్యాగు వెనక తగిలించుకుని నడిస్తే పదింటికల్లా ఆరిపోతాయి. ఇంట్లోంచి తెచ్చిన అరిసెలు, జంతికలు రెండు కిలోలు మొదటి రోజే మంగళగిరిలో పంచేశాం. ప్రేమతో ఇస్తారు, మోసేది మనం.

షూసా, చెప్పులా? బొబ్బలొస్తే?

దీక్షలో ఉత్త కాళ్ళతో నడిచేవాళ్ళు ఎదురయ్యారు, వాళ్ళకు దణ్ణం. మేం షూస్ వేసుకున్నాం. పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది, కాబట్టి కొనేటప్పుడు ఒక సైజు పెద్దది, అదీ సాయంత్రం పూట వెళ్ళి కొనుక్కోవాలి. కొత్తవి వేసుకుని బయల్దేరకూడదు. నడిచేముందు వేళ్ళ సందుల్లో వాజలీన్ రాసి మేజోళ్ళు వేసుకుంటే రాపిడి తగ్గుతుంది. ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే ఆగి టేపు వేయాలి. వచ్చే ఊళ్ళో చూద్దాంలే అంటే ఆ ఊరొచ్చేసరికి బొబ్బ తయారు.

నాకు ఐదో రోజు ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత వచ్చింది. చిన్నదైతే ముట్టుకోకుండా వదిలేయాలి. ఇది షూలో పట్టేలా లేదు. లాడ్జి గదిలో మా ఆయన సూదిని స్పిరిట్‌తో తుడిచి, కింద కూర్చుని నా కాలు ఒళ్ళోకి తీసుకున్నారు. నేను చటుక్కున లాగేసుకున్నాను. “మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటి, నాకు పాపం.” “పాపం లెక్క తర్వాత చూద్దాం, కదలకు” అన్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, బొబ్బ అంచున రెండు చోట్ల గుచ్చి, గుడ్డతో నెమ్మదిగా నొక్కారు. పైన చర్మం మాత్రం తీయకూడదు, అదే కట్టు. ఆయింట్‌మెంటు రాసి, గాజుగుడ్డ పెట్టి, టేపు వేశారు. అంతా అయ్యాక కూడా కాలు వెంటనే వదల్లేదు. అరికాలు తిప్పి చూసి, “ఇన్ని పగుళ్ళేంటే?” అన్నారు. మర్నాటి నుంచి రాత్రిపూట కొబ్బరి నూనె ఆయనే తీసి పక్కన పెట్టేవారు. నేను ఆయన కాళ్ళకు, ఆయన నా కాళ్ళకు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాసేస్తున్నాను.

షుగరున్నవాళ్ళు ఈ సూది వైద్యం చేసుకోవద్దు. డాక్టరుకు చూపించండి.

రాత్రిళ్ళు ఎక్కడ పడుకున్నారు?

గుంటూరులో చుట్టాలింట్లో, పెద్ద ఊళ్ళలో లాడ్జిల్లో, రెండు చోట్ల సత్రంలో. చిక్కంతా ఊరికీ ఊరికీ మధ్య ఎక్కువ దూరమున్న చోట. కావలి నుంచి నెల్లూరు 50 కిలోమీటర్ల పైమాటే. దానికి ఉపాయం పల్లెవెలుగు బస్సు. సాయంత్రం ఎక్కడ ఆగామో అక్కడ గుర్తు పెట్టుకుని, బస్సులో దగ్గరి ఊరు పోయి పడుకుని, పొద్దున మొదటి బస్సులో అక్కడికే వచ్చి దిగడం. ఇది మోసం కాదా అని అడిగారు ఒకాయన. అడుగు కూడా వదల్లేదు, మోసమేముంది? మా ఆయన కిలోమీటరు రాయి మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. మార్టూరు దగ్గర రాత్రి మంచుకు అది చెరిగిపోయింది. ఈ రాయా, ఆ రాయా అని తేలక ఒక కిలోమీటరు రెండుసార్లు నడిచాం.

ఆధార్ కార్డులు ఇద్దరివీ అసలువి ఉంచుకోండి. ఒక ఊళ్ళో, పేరు ఎందుకులెండి, లాడ్జి గుమాస్తా మా ఇద్దరినీ ఎగాదిగా చూసి పెళ్ళి ఫొటో ఉందా అని అడిగాడు. నెరిసిన జుట్టు, వీపున బ్యాగులు, కుంటుతున్న కాళ్ళు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. మా ఆయన అమ్మాయి పెళ్ళి ఫొటో చూపించారు.

బాత్రూము? నెలసరి వస్తే?

పెట్రోలు బంకులే దిక్కు. పెట్రోలు కొట్టించుకోకపోయినా బంకులో టాయిలెట్, మంచినీళ్ళు ఉచితంగా వాడుకోవచ్చు. తాళం వేసి ఉంటే మొహమాటపడకుండా అడగండి. టోల్‌గేట్ల దగ్గరా ఉంటాయి. బాత్రూముకు భయపడి నీళ్ళు తాగడం మానేయడం ఆడవాళ్ళు చేసే మొదటి తప్పు. నేనూ రెండు రోజులు చేసి, తలనొప్పి తెచ్చుకున్నాను.

నెలసరి నాకు తొమ్మిదో రోజు వచ్చింది. ఆగలేదు. మొదటి రోజు పది కిలోమీటర్లతో సరిపెట్టాం, గుళ్ళ లోపలికి వెళ్ళలేదు, అంతే. ప్యాడ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి, వాడినవి కట్టి పెట్టడానికి పాత పేపరు కూడా.

తిండి?

పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి ఏది దొరికితే అది. బ్యాగులో పల్లీ పట్టీలు, అరటిపళ్ళు, ఓఆర్ఎస్ పొడి. ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, గ్లాసుకు కొంచెం కొంచెం కాదు. కావలి ముందు ఒక చోట తిన్నది రాత్రి మిగిలిన చట్నీ అనుకుంటాను, మా ఆయనకు విరేచనాలు పట్టుకున్నాయి. రోజంతా గదిలోనే. “నువ్వు బస్సులో నెల్లూరు పోయి ఉండు, నేనొస్తా” అన్నారు. ఒకరు ఆగితే ఇద్దరూ ఆగాలన్నది బయల్దేరినప్పుడే అనుకున్న మాట. ఆయన పడుకున్నారు, నేను టీవీలో పాత సినిమా చూశాను. నిజం చెప్పాలంటే నా కాళ్ళకు ఆ రోజు పండగే.

లారీలు, కుక్కలు, దొంగల భయం?

ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా రోడ్డుకు కుడి అంచున, ఒకరి వెనక ఒకరు నడవాలి. సర్వీసు రోడ్డుంటే అందులోనే. భయపడాల్సింది లారీకి కాదు, ఎదురు దారిలో చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చే మోటారు సైకిలుకు. కుక్కలకు చేతిలో కర్ర చాలు, కొట్టక్కర్లేదు. పరిగెత్తొద్దు. నగలు ఇంట్లో పెట్టి, పసుపు కొమ్ము కట్టుకుని వెళ్ళాను. హైవే మీద సాయానికి 1033, అంబులెన్సుకు 108, పోలీసులకు 112. మాకు అవసరం పడలేదు. అవసరం పడిందల్లా “ఎక్కండి, దింపేస్తాం” అనే ఆటోవాళ్ళకు కాదని చెప్పడం. ఒకాయన మేం డబ్బుల్లేక నడుస్తున్నామనుకుని యాభై రూపాయలు చేతిలో పెట్టాడు. హుండీలో వేశాం.

శ్రీకాళహస్తిలో దర్శనం చేసుకున్నారా?

లేదు. కాళహస్తి చూశాక వేరే గుడికి వెళ్ళకుండా ఇంటికే పోవాలంటారు కదా. ఆ రాత్రి అక్కడే పడుకుని, పొద్దున గోపురానికి బయటి నుంచే దణ్ణం పెట్టుకుని నడిచాం.

అలిపిరా, శ్రీవారి మెట్టా?

శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైన. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. మేం అలిపిరి. 400 కిలోమీటర్లు చదునుగా నడిచిన కాళ్ళకు మెట్లంటే వేరే లోకం. గాలిగోపురం దాకానే అసలు ఎక్కుడు. తర్వాత కాస్త తెరిపి, చివర మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ పరీక్ష. బ్యాగులు అలిపిరిలో ఇచ్చేస్తే దేవస్థానం వాళ్ళే ఉచితంగా పైకి చేరుస్తారు. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కొండ మీద నిషేధం, స్టీలు సీసా ఉంచుకోండి. 2023లో చిరుత ఒక పాపను పొట్టన పెట్టుకున్నాక నడకదారిలో గుంపులుగా పంపడం, పిల్లలకు వేళలు పెట్టడం మొదలైంది. వేళలు, దర్శనం టోకెన్ల పద్ధతి మారుతుంటాయి కనుక వెళ్ళేముందు దేవస్థానం ప్రకటన చూసుకోండి.

మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టే ఆడవాళ్ళ వెనకే నేనూ నెమ్మదిగా ఎక్కాను. ఆయన నా వెనక.

ఖర్చు?

ఇద్దరికీ కలిపి 31,000 చిల్లర. సగం పైగా గదులకే. షూస్, బ్యాగులు వేరే.

తిరిగి ఎలా వచ్చారు?

కొండ దిగింది బస్సులో, విజయవాడకు రైల్లో. దిగేటప్పుడు మోకాళ్ళ మీద పడే భారం ఎక్కువ, అక్కడ పంతానికి పోవద్దు. ఇరవై ఒక్క రోజుల దారిని రైలు ఏడు గంటల్లో చుట్టేసింది. ఇంటికొచ్చి అత్తగారికి లడ్డూ చేతిలో పెట్టి కాళ్ళకు దణ్ణం పెట్టాం. ఆవిడ లడ్డూ కళ్ళకద్దుకుని, “రావడం కూడా నడిచేనా?” అని అడిగారు. “లేదత్తయ్యా, రైల్లో” అన్నాను.

“అయితే సగమేగా” అన్నారు.